కాగితంలో నీళ్ళు బాగున్నాయి, మా కుళాయిలో బాగాలేవు: ఏ పరీక్ష అడగాలి?

ప్రశ్న: సరిహద్దు మాస్టారు

అందరికీ నమస్కారం. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని దక్షిణ ఒడిశాలో ఉన్న ఒక చిన్న పట్టణం మాది. ఇంట్లో తెలుగు, సంతలో సగం తెలుగు సగం ఒడియా, కచేరీలో పూర్తిగా ఒడియా మాట్లాడుకుంటూ మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం. ఊరి పేరు రాయడం లేదు. ఎవరినీ వేలెత్తి చూపాలని నాకు లేదు, నీళ్ళు బాగుపడితే చాలు.

మా వీధి నీళ్ళ లైనుకు చిట్టచివర ఉంది. ఉదయం అయిదున్నరకు కుళాయి వస్తుంది, ఆరుంబావుకు ఆగిపోతుంది. సాయంత్రం వచ్చేది అందులో సగం. మొదటి రెండు బిందెలు లేత టీ రంగులో ఉంటాయి కనుక వాటిని మొక్కలకు పోసి, మూడో బిందె నుంచి వంటకు పట్టుకోవడం మా ఇంటి ఆడవాళ్ళకు అలవాటైపోయింది. వానలు మొదలయ్యాక ఆ మూడో బిందెలోనూ మురుగు వాసన వస్తోంది. శ్రావణంలో మా మనవడికి పచ్చకామెర్లు వచ్చాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు, అన్నం వాసన తగిలితేనే వాంతి చేసుకునేవాడు. రక్తపరీక్షలో హెపటైటిస్-ఎ అని తేలింది. మా వరుసలోనే మరో మూడు ఇళ్ళలో పిల్లలకు ఇదే జబ్బు చేసింది.

నీటి సరఫరా కార్యాలయానికి వెళ్ళి అడిగాను. మర్యాదగానే కూర్చోబెట్టి, ఆ నెల పరీక్ష కాగితం చూపించారు. మడ్డి, పీహెచ్, కరిగిన లవణాలు, కాఠిన్యం, క్లోరైడు, ఫ్లోరైడు అన్నీ హద్దుల్లోనే ఉన్నాయని అందులో ఉంది. నమూనా తీసిన చోటు అన్న గడిలో శుద్ధి కేంద్రం అని రాసి ఉంది. "నీరు ప్రమాణాలకు లోబడే ఉంది మాస్టారూ, మీ ఇంటి ట్యాంకు కడిగించుకోండి" అన్నారు. మాకు ఇంటి ట్యాంకు లేదు, బిందెలే.

ఆ కాగితం అబద్ధమని నేను అనడం లేదు. అది మా కుళాయికి కూడా వర్తిస్తుందా, వర్తించకపోతే ఏ పరీక్ష ఎక్కడ చేయమని అడగాలి, అడిగే హక్కు నాకు ఏ చట్టం ఇస్తోంది, నాలాంటివాడు స్వయంగా చేసుకోగలిగిన పరీక్ష ఏదైనా ఉందా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు విపులంగా చెప్పగలరు.

జవాబు: ల్యాబ్ పెద్దాయన, పర్లాకిమిడి

మాస్టారూ, పిల్లవాడు కోలుకున్నాడని అనుకుంటున్నాను. నేను ముప్ఫై ఏళ్ళు ప్రయోగశాలలో నీటి నమూనాలతోనే గడిపినవాణ్ణి. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట "నమూనా తీసిన చోటు: శుద్ధి కేంద్రం" అన్నది. ఆ కాగితం శుద్ధి కేంద్రం గుమ్మం దగ్గర నీరు ఎలా ఉందో చెబుతుంది, నిజమే చెబుతూ ఉండవచ్చు. అక్కడి నుంచి మీ బిందె దాకా ఆ నీటికి ఏమైందో దానికి తెలియదు.

ఇంకో సంగతి, మీరు చెప్పిన జాబితాలో సూక్ష్మజీవుల పరీక్ష పేరే లేదు. తాగునీటికి మన దేశంలో అనుసరించే ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది. అందులో లవణాలకు, కాఠిన్యానికి రెండు హద్దులు ఇచ్చారు. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 దాకా సహించవచ్చు. మడ్డి 1 యూనిట్, గత్యంతరం లేకపోతే 5. కానీ నీటిలో మలం కలిసిందని చూపించే ఇ-కోలీ అనే బాక్టీరియాకు అలాంటి సడలింపు లేదు, ఏ 100 మిల్లీలీటర్ల నమూనాలోనూ అది కనిపించకూడదు. ఆ గడి లేని కాగితం చూపించి నీరు ప్రమాణాలకు లోబడి ఉందనడం సరికాదు. లవణాలు కాస్త ఎక్కువైనంత మాత్రాన ఎవరికీ వారంలో జబ్బు చేయదు, మలం కలిసిన నీరు ఒక్క గ్లాసు చాలు.

మీ వీధిలో ఏం జరుగుతోందో నేను చూడలేదు గాని, రోజుకు గంట సేపు నీళ్ళు వచ్చే ఊళ్ళన్నిటిలో జరిగేది ఒకటే. నీళ్ళు పారుతున్నంత సేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. సరఫరా ఆగి గొట్టం ఖాళీ అవుతున్నప్పుడు లోపల ఒత్తిడి పోయి, అదే చిల్లులోంచి బయట ఉన్నది లోపలికి వస్తుంది. చాలా ఊళ్ళలో ఇంటి కనెక్షను గొట్టం మురుగు కాలువను దాటుకునే వెళుతుంది. అది తుప్పు పట్టి సూదిబెజ్జమంత చిల్లు పడితే మిగిలిన ఇరవైమూడు గంటలూ కాలువ నీరు అందులోకి చేరుతూనే ఉంటుంది. మర్నాడు మొదట వచ్చే టీ రంగు బిందెలు అవే. పై వీధుల్లో ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే చివరి ఇళ్ళకు ఈ కష్టం రెట్టింపవుతుంది.

దీనికి రక్షణగా ఉండేది నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్. శుద్ధి కేంద్రంలో క్రిములను చంపగా మిగిలిన క్లోరిన్, గొట్టంలో కొత్తగా చేరే క్రిములతోనూ పోరాడుతుంది. అది చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం చెబుతోంది. వైరస్‌ల నుంచి రక్షణ అవసరమైన చోట కనీసం 0.5 ఉండాలి. హెపటైటిస్-ఎ వైరస్సే కనుక మీ వీధికి ఇప్పుడు 0.5నే అడగాలి. కలిపాక కనీసం అరగంట సమయం ఇవ్వాలి, నీటిలో మడ్డి లేకుండా ఉండాలి. మడ్డి ఉంటే క్లోరిన్ దానితోనే ఖర్చయిపోతుంది, క్రిములు మట్టి రేణువుల చాటున దాక్కుంటాయి.

ఒక జాగ్రత్త. ఈ జబ్బు నీళ్ళు తాగిన రెండు నుంచి ఆరు వారాల తరువాత బయటపడుతుంది. పిల్లవాడికి కళ్ళు పచ్చబడిన రోజున నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్షిస్తే, నెల కిందటి కాలుష్యం అందులో దొరకకపోవచ్చు. ఒక్క నమూనా బాగుందని వస్తే నిరాశపడి ఊరుకోవద్దు, వరుసగా తీయించండి. కనీసం ఎన్ని తీయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అయిదు వేల నుంచి లక్ష జనాభా ఉన్న ఊళ్ళలో ప్రతి అయిదు వేల మందికి ఏడాదికి పన్నెండు నమూనాలు. ముప్ఫై వేల జనాభా ఉన్న పట్టణానికి నెలకు ఆరు వస్తాయి, అవన్నీ శుద్ధి కేంద్రం దగ్గరే తీస్తే ప్రయోజనం లేదు.

నమూనా తీసే పద్ధతిలోనూ తప్పులు జరుగుతాయి. సీసా ప్రయోగశాలలో శుద్ధి చేసి ఇచ్చినదై ఉండాలి, అందులో ముందుగానే కాస్త సోడియం థయోసల్ఫేటు వేసి ఉండాలి. అది లేకపోతే సీసాలో ఉన్న క్లోరిన్ దారి పొడవునా క్రిములను చంపుతూ వచ్చి, ప్రయోగశాలకు చేరేసరికి నీరు ఉన్నదానికన్నా మంచిదిగా కనిపిస్తుంది. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ఐసు మధ్య పెట్టి వీలైతే ఆరు గంటల్లోపు చేర్చాలి. కూల్‌డ్రింకు సీసాలో పట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన నమూనాలను నేను ఎన్నిటిని తిప్పి పంపానో లెక్కలేదు. పంపినవాళ్ళు అమాయకులు, వాళ్ళకు సరైన సీసా ఇచ్చినవాడు లేడు.

జవాబు: జయపురం వాసి

మాస్టారూ, ఇన్ని తిప్పలు ఎందుకండీ? మా వీధిలో అందరం ఇరవై లీటర్ల ఆర్‌ఓ క్యాను వేయించుకుంటున్నాం, మూడేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు. ప్రభుత్వం నీళ్ళు బాగుపడేదాకా పిల్లలు ఆగలేరు కదా.

జవాబు: ల్యాబ్ పెద్దాయన, పర్లాకిమిడి

పిల్లలు ఆగలేరన్న మాట నిజమే, అందుకే ఈ రోజు నుంచే నీళ్ళు కాచి తాగించమని చెప్పాలి. తెర్లు వచ్చాక ఒక నిమిషం పాటు కాగనిస్తే చాలు. క్యాను నీటి సంగతి వేరు. ఆర్‌ఓ యంత్రం క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది కనుక క్యాను, మూత, ముంచే గ్లాసు, వీటిలో ఏది మురికైనా ఆ నీటికి అడ్డు చెప్పే శక్తి ఉండదు. పైగా క్యానుతో పప్పు కడుగుతారా, పిల్లలు పళ్ళు తోముకుంటారా? కుళాయి నీరు ఎలాగూ నోట్లోకి వెళుతుంది. డబ్బున్న నాలుగు ఇళ్ళు క్యానుకు మారితే ఫిర్యాదు చేసే గొంతులు తగ్గిపోతాయి, చివరి ఇంటివాడు ఒంటరివాడవుతాడు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

జవాబు: బరంపురం వకీలు

హక్కుల విషయం నేను చెబుతాను. ముందుగా చేదు నిజం ఏమిటంటే, ఐఎస్ 10500 అన్నది ప్రభుత్వ నీటి సరఫరా మీద శిక్షతో కూడిన నిబంధన కాదు, పాటించదగిన ప్రమాణం మాత్రమే. "ఫలానా అంకె దాటారు కనుక మీకు జరిమానా" అని మనం కోర్టుకు వెళ్ళలేం. అంతమాత్రాన చేతులు కట్టేసినట్టు కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ నీటి సరఫరాను పురపాలక బాధ్యతల జాబితాలో, అంటే పన్నెండో షెడ్యూలులో, పెట్టింది. కాలుష్యం లేని నీరు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది.

చిన్న పట్టణాలకు నేను ఎప్పుడూ గుర్తుచేసేది 1980 నాటి రత్లాం కేసు. మధ్యప్రదేశ్‌లోని ఆ పట్టణంలో ఒక వీధివాళ్ళు మురుగుకాలువల దుర్గంధం భరించలేక మేజిస్ట్రేటును ఆశ్రయించారు. పురపాలక సంఘం తన దగ్గర డబ్బు లేదని వాదించింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చి, ప్రజారోగ్యానికి సంబంధించిన విధిని నిధుల కొరత పేరుతో తప్పించుకోలేరని తీర్పు ఇచ్చారు. అప్పుడు వాడినది నేరశిక్షా స్మృతిలోని 133వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో అది 152వ సెక్షనుగా ఉంది. ఒక్క వీధివాళ్ళు కలిసి సబ్ కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవడానికి అది చాలు. అయితే అది చివరి మెట్టు, మొదటి మెట్టు సమాచార హక్కు.

ఒడిశాలో ఆ దరఖాస్తు ఫారం-ఎలో పెట్టాలి, రుసుము పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అతికించినా చెల్లుతుంది. ఇక్కడ మనవాళ్ళు పొరపాటు చేస్తారు. చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. మన దగ్గర అది ఒడియా. తెలుగులో రాసి ఇస్తే తిప్పి పంపడానికి వాళ్ళకు అవకాశం ఇచ్చినట్టే. మీ వీధిలో ఒడియా మీడియంలో చదివే పిల్లలు తప్పక ఉంటారు, వాళ్ళచేత రాయించండి.

"నీరు బాగుందా" అని అడగకండి, "బాగుంది" అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. గడచిన ఆరు నెలల్లో చివరి కుళాయిల దగ్గర చూసిన క్లోరిన్ రిజిస్టరు నకలు, సూక్ష్మజీవుల పరీక్షల నివేదికలు నమూనా తీసిన చోటు, సమయంతో సహా, ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిన తేదీలు, మీ వార్డులో గొట్టాల లీకుల ఫిర్యాదులు, వాటిని సరిచేసిన తేదీలు అడగండి. రిజిస్టరే లేకపోతే "లేదు" అని సంతకం పెట్టి ఇవ్వాల్సి వస్తుంది, ఆ కాగితానికి కూడా విలువ ఉంది. చాలామందికి తెలియని సంగతి మరొకటి: సమాచార హక్కు చట్టంలో సమాచారం అంటే కాగితాలు మాత్రమే కాదు. పనులను తనిఖీ చేసే హక్కు, పదార్థాల ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా 2(జె) సెక్షనులోనే ఉన్నాయి. మామూలుగా గడువు ముప్ఫై రోజులు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే నలభై ఎనిమిది గంటలు. నాలుగు ఇళ్ళలో పిల్లలకు కామెర్లు వచ్చిన ఆసుపత్రి కాగితాలు జతచేసి ఆ నిబంధనను ప్రస్తావించండి.

జవాబు: గంజాం జలసాథి

మాస్టారు గారికి నమస్కారం. నేను గంజాం జిల్లాలో ఒక పట్టణంలో జలసాథిగా పనిచేస్తున్నాను. తెలియనివారి కోసం చెబుతున్నాను, ఒడిశా పట్టణాల్లో స్వయం సహాయక సంఘాల మహిళలనే ఈ పనికి తీసుకున్నారు. ఇంటింటికీ వెళ్ళి నీటి బిల్లు వసూలు చేస్తాం, చేతి కిట్టుతో నీటిని పరీక్షిస్తాం. కుళాయి నీళ్ళు నేరుగా తాగే పథకం ఊరంతటికీ మొదట పూరీలో 2021 జులైలో వచ్చింది. అక్కడ రోజంతా గొట్టంలో ఒత్తిడి ఉంచుతారు, పెద్దాయన చెప్పిన కాలువ నీరు లోపలికి రాకపోవడానికి అదే మూలకారణం. మన చిన్న ఊళ్ళకు అది చేరేదాకా చేయగలిగినది చెబుతాను.

మీరు స్వయంగా చేసుకోదగిన పరీక్ష ఉంది. క్లోరిన్ చూసే కిట్లు రెండు రకాలు, ఒకదాంట్లో పసుపు రంగు వస్తుంది, డీపీడీ అనే రెండోదాంట్లో గులాబీ రంగు వస్తుంది. డీపీడీ తీసుకోండి. చిన్న గొట్టంలో గీత దాకా నీరు పట్టి, మాత్ర వేసి, మూత పెట్టి ఊపితే గులాబీ రంగు తేలుతుంది. దాన్ని పక్కన ఇచ్చిన రంగుల పట్టీతో పోల్చి చూడాలి. వెలుతురులో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. రంగు మారకపోతే క్లోరిన్ లేనట్టే. కుళాయి వచ్చిన వెంటనే ఒకసారి, పది నిమిషాల తరువాత ఒకసారి చూసి, తేదీ, సమయం, ఇంటి నంబరు రాసుకోండి. ట్యాంకు దగ్గరి ఇంట్లో, మధ్య వీధిలో, మీ ఇంట్లో ఒకే ఉదయం చూస్తే ఎక్కడ తగ్గిపోతోందో మీకే తెలుస్తుంది. నల్లగా మారే హైడ్రోజన్ సల్ఫైడు సీసాలు కూడా ఉన్నాయి. నీరు నింపి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, మల కాలుష్యం ఉన్న నీరు నల్లబడుతుంది. అది అనుమానానికి ఆధారమే గాని, తుది తీర్పు ప్రయోగశాలదే.

ఇంకో మాట. పంపు ఆపరేటరుతో గొడవ పెట్టుకోకండి. చాలాచోట్ల అతని చేతికి ఒక బ్లీచింగు బస్తా, ఒక డబ్బా తప్ప తూకం కూడా ఉండదు. కొత్త బ్లీచింగు పొడిలో పాతిక శాతం పైన క్లోరిన్ ఉంటుంది. నోరు విప్పి తేమలో పెట్టిన బస్తాలో అది రోజురోజుకూ తగ్గిపోతుంది, డబ్బా అదే అయినా మందు సగమే పడుతుంది. పాతిక శాతం పొడి అయితే లక్ష లీటర్ల ట్యాంకుకు 800 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు పడుతుంది. బస్తా ఎక్కడ పెడుతున్నారో, నోరు కట్టి ఉందో లేదో ఒక్కసారి మర్యాదగా అడిగి చూడండి.

సరిహద్దు మాస్టారు మళ్ళీ రాస్తున్నారు

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు వారాలు ఆగి రాయడానికి కారణం ఉంది.

డీపీడీ కిట్టు బరంపురం నుంచి తెప్పించాను. ఒక ఆదివారం తెల్లవారుజామున నేను, మా పక్కింటి అమ్మాయి కలిసి మూడు చోట్ల పరీక్షించాము. ట్యాంకు పక్కనున్న ఇంట్లో మాత్ర వేయగానే నీరు గులాబీ పువ్వులా మారింది, పట్టీతో పోల్చితే 0.5కు దగ్గరగా ఉంది. మధ్య వీధిలో లేతగా, 0.2 దగ్గర నిలిచింది. మా ఇంట్లో ఎంత ఊపినా, వెలుతురు వైపు తిప్పి చూసినా, నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోయాయి. పది రోజులు ఇలాగే రాసుకుని ఆ కాగితం వీధివాళ్ళ సంతకాలతో కార్యాలయానికి తీసుకెళ్ళాను. ఈసారి ఇంటి ట్యాంకు సంగతి ఎవరూ ఎత్తలేదు. మర్నాడే ఒక ఫిట్టరును పంపారు.

అతను మా ఎదురింటి ముందు కాలువ మీది బండ ఎత్తాడు. మూడు ఇళ్ళ కనెక్షను గొట్టాలు మురుగులో మునిగి ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఎప్పుడో ఎవరో సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో కట్టారు. అది పుచ్చిపోయి వేలు పట్టేంత సందు ఏర్పడింది. ఫిట్టరు దాన్ని చేత్తో తడిమి, ఏమీ మాట్లాడకుండా నా వైపు చూశాడు. ఆ గొట్టం మా మనవడు రోజూ పళ్ళు తోముకునే కుళాయికి వెళ్ళేదే.

ఆ మూడు గొట్టాలను కాలువ పైనుంచి తిప్పి వేశారు. మురుగు వాసన పోయింది. నిన్న ఉదయం మా కుళాయిలో మొదటిసారి లేత గులాబీ రంగు కనిపించింది, 0.2 అనుకుంటున్నాను. పెద్దాయన చెప్పిన 0.5కు ఇంకా దూరమే కనుక ఇంట్లో కాచే తాగుతున్నాం. సమాచార హక్కు దరఖాస్తును పక్కింటి అమ్మాయి చక్కని ఒడియాలో రాసిపెట్టింది, సోమవారం ఇచ్చి రసీదు తీసుకున్నాను. వీధి పొడవునా బండలు ఎత్తించి చూస్తే ఇంకా పదకొండు ఇళ్ళ గొట్టాలు కాలువలోనే ఉన్నాయి. వాటిని మార్చడానికయ్యే ఖర్చు ఇంటివాళ్ళదా, సరఫరా సంస్థదా అన్నది తేలలేదు. వకీలు గారు దీని గురించి చెప్పగలిగితే, వచ్చే సోమవారం కలెక్టరు గారి గ్రీవెన్సు విచారణకు ఆ మాటే తీసుకెళతాను.